కర్త లేని వాక్యం

ఫిబ్రవరి 6

చెల్లాయికి,

వెల్డింగ్ షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద చిల్లులు కనిపిస్తే అవి నిప్పురవ్వలు, నా కోపం కాదు. కోపం కూడా ఉంది, అది మాటల్లో కనిపిస్తుంది.

పోయిన ఆదివారం సంగతి అడుగుతున్నాను. నేనిక్కడ షెడ్డు మీది గదిలో నిలబడి ఫోన్లో ప్రసంగం చెబుతాను. మీ సంఘంవాళ్ళు ఆ కార్పెట్ల గోడౌన్ వెనక గదిలో స్పీకరు ముందు కూర్చుంటారు. నువ్వు వాళ్ళ భాషలోకి తిప్పుతావు. ఇదీ మన ఏర్పాటు. ఆ రోజు నేను ఉరిమాను. ఉరిమితే ఏం రావాలి? నిశ్శబ్దం రావాలి, వణుకు రావాలి. మీ వైపు నుంచి చప్పట్లు వచ్చాయి. ఎవరో ఆడమనిషి సంతోషంతో ఏడవడం వినిపించింది. నిప్పులు కురిపించినవాడికి చప్పట్లు కొట్టారని నేను ఏ లేఖనంలోనూ చదవలేదు.

ఇంకోటి. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నువ్వు నోరు విప్పవు. నేను గుక్కతిప్పుకోకుండా చెప్పిందంతా చివర్లో గుప్పెడు మాటల్లో తేల్చేస్తావు. మిగతావి ఎక్కడికి పోతున్నాయి? మెత్తగా చెప్పమని బావ ఏమన్నా నూరిపోశాడా? బావకి మొదటినుంచీ నా గొంతంటే గిట్టదు, పెళ్ళిలోనే చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

చిన్నోడి భార్య మీ సంఘానికి వస్తోందని నువ్వు చెప్పినట్టు మీ వదిన అంది. వాడు కూడా వస్తున్నాడా? వాణ్ణి మన తమ్ముడు అనొచ్చో లేదో, అంటే వాడు ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు. మాట్లాడటం మానేసి ఊరు వదిలి పోయినవాడు. అడుగుతున్నాను అంతే.

ఫోన్లో చెప్పొద్దు, కాగితం మీద రాయి. ఫోన్లో మీ వాళ్ళంతా చెవులొగ్గి ఉంటారు.

జవాబు కోసం దారి కాస్తున్న
అన్నయ్య


ఫిబ్రవరి 19

అన్నయ్యా,

నీ ఉత్తరం మాడు వాసనతోనే వచ్చింది. క్లినిక్‌లో పేషెంట్లకీ డాక్టర్లకీ మధ్య నిలబడి మాట తిప్పే పని రోజంతా చేసి, ఇంటికొచ్చి చదివితే నువ్వూ నిలదీస్తున్నావు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే చదివాను.

ముందు నీ అనుమానం తీరుస్తాను. మన భాషలో అసలు మాట చివర్న వస్తుంది. అవునో కాదో, చేశాడో చెయ్యలేదో అంతా తోకలో ఉంటుంది. ఇక్కడి భాషలో అది మొదట్లోనే చెప్పెయ్యాలి. అందుకని నువ్వు ముగించేదాకా నేను మొదలుపెట్టడానికి లేదు. ఒకప్పుడు పెట్టేదాన్ని. జనవరిలో ఏమైందో నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. "ముందు వరసలో కూర్చుని, కానుక నలుగురికీ కనపడేలా వేసి, పెద్ద గొంతుతో ఏడిచేవాణ్ణి దేవుడు దగ్గరికి పిలుస్తాడని" అన్నావు. అని ఊపిరి తీసుకున్నావు. నేను సరేనని "దేవుడు దగ్గరికి పిలుస్తాడు" అని చెప్పేశాను. ముందు వరసవాళ్ళు ముగ్గురూ "ఆమెన్" అన్నారు. అప్పుడు నువ్వు మెల్లిగా "ఎవడు చెప్పాడు మీకు?" అని ముగించావు. ఆ ఆమెన్లు వెనక్కి తీసుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. అప్పట్నుంచి నీ చివరి మాట చెవిన పడేదాకా పెదవి కదపడం లేదు.

ఇక నువ్వడిగిన ఆదివారం. నువ్వు అన్న మాట ఇది: "ఎక్కడికి పారిపోయినా, ఏ ఊళ్ళో దాక్కున్నా, ఏ భాష వెనక తల దాచుకున్నా, వదలడు." అంతే. ఎవరు వదలడు? ఎవర్ని? మన చెవికి అడగాలనిపించదు. ఇక్కడి భాష ఆ రెండూ చెప్పకపోతే అడుగు తీసి అడుగు వెయ్యదు. నేను రెండూ చేర్చాను. "మీరు ఎక్కడికి వెళ్ళినా దేవుడు మిమ్మల్ని విడిచి వెళ్ళడు" అన్నాను. ఏడ్చింది మన మరదలే. చిన్నోడి భార్య. ఇంటికి వెళ్ళి వాడితో "మీ అన్నయ్య ఇంత మంచి మాట అన్నారు, పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళని దేవుడు విడవడని" అని చెప్పిందట.

వాడు ఆమె ఫోన్లో ఉన్న రికార్డు పెట్టుకుని నీ గొంతే విన్నాడు. విని నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఆవిణ్ణి మోసం చేశావు" అన్నాడు.

"ఏం చేశాన్రా?"

"వదలడంటే విడిచి వెళ్ళడని కాదు. ఊరుకోడని. పని పడతాడని. అన్నయ్య నన్నే అన్నాడు. నువ్వు దానికి తేనె పూసి ఆవిడ చేత తాగించావు."

వాడన్నది తప్పు కాదు. మన భాషలో ఆ ఒక్క మాటే అభయమూ అవుతుంది, బెదిరింపూ అవుతుంది.

ఇంకో సంగతి. ఏప్రిల్ చివర్లో వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. వేరే ఊళ్ళో పని దొరికింది. కొత్త చిరునామా నీకివ్వనన్నాడు. నేను నీకు చేరవేస్తానని నాకూ ఇవ్వనన్నాడు. ఇప్పుడు పోతే ఇంక మనకి దొరకడు అన్నయ్యా.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు ఏ అర్థంతో అన్నావు?

బావ చెవుల్లో దూది పెట్టుకున్నది బ్యాండు మేళానికి, నీకు కాదు.

జవాబు దాటెయ్యకు,
నీ చెల్లెలు


మార్చి 4

చెల్లాయికి,

కర్త లేని వాక్యం చెప్పానంటావా? నన్ను? ఆకాశాన్ని, భూమిని, ఈ షెడ్డు రేకుల్ని, వాటికి పడ్డ చిల్లుల్ని చేసిన కర్త ఒక్కడే. నేను నోరు తెరిస్తే ప్రతి మాటకీ ఆయనే కర్త. మళ్ళీ పేరు పెట్టి చెప్పాలా? పొద్దు పొడిచినప్పుడు ఎవరు పొడిపించారని మనిషి అడుగుతాడా?

నేను బడికి వెళ్ళి వ్యాకరణం నేర్చుకోలేదు. పగలు ఇనుము అతికించి, సాయంత్రాలు లేఖనం ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. అయినా ఒకటి తెలుసు. గోపురం కట్టిన గర్విష్ఠుల భాషలు తారుమారు చేసింది దేవుడు. ఆ తారుమారు మధ్యలో నిలబడి జీతం తీసుకుంటున్నది నువ్వు. చివరిది మొదట, మొదటిది చివర చెప్పే భాష అంటున్నావు, సరే, కడపటివారు మొదటివారవుతారని నాకూ తెలుసు. కానీ అది ఆయన చెయ్యాల్సిన పని, నువ్వు చెయ్యాల్సింది కాదు.

నేను ఏ అర్థంతో అన్నానంటావా? నేనెవరి పేరూ ఎత్తలేదు. వాక్యం రెండు వైపులా పదునున్న కత్తి. ఎవరికి తగిలితే అది వాళ్ళది. తగిలిందని అరిచినవాడు తనకెందుకు తగిలిందో తన మనస్సాక్షిని అడగాలి.

నీ కవరు అంచు రెండుసార్లు అతికించినట్టుంది. ఎవరు విప్పి చదివారు? ఇంకా, కొత్త చిరునామా వాడు నీకివ్వననడం నేను నమ్మను. నీకు తెలుసు, దాస్తున్నావు. చిన్నప్పుడు వాడు నా సైకిల్ గొలుసు తెంపితే వాణ్ణి మంచం కింద దాచి, నా మొహంలోకి చూస్తూ "ఇటు రాలేదన్నయ్యా" అన్నదానివి.

నీ తర్జుమా నిజమో కాదో తేల్చడానికి ఒకాయన్ని పట్టుకున్నాను. పాత కోట దగ్గర విదేశీయులకి గైడుగా పనిచేసి మానేశాడు. ఆ భాష అనర్గళంగా మాట్లాడతాడు. మీ వదిన ఫోన్లో ఆ ఆదివారంది రికార్డయి ఉంది. ఆయనకి వినిపిస్తాను.

మీ వదిన నడుం నొప్పి తగ్గింది. నీకు చెప్పమంది.

కళ్ళు తెరుచుకుని ఉన్న
అన్నయ్య


మార్చి 15

అన్నయ్యా,

అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది పద్దెనిమిది. అందులో అడిగింది లేదు.

కవరుకి జిగురు చాలకపోతే పోస్టాఫీసు కిటికీ దగ్గర ఆవిడ ఇంకాస్త రాసింది. ఆవిడకి మన భాష రాదు, బతికిపోయావు.

నీ కర్త గురించి. మొన్న క్లినిక్‌కి మన భాష మాట్లాడే పెద్దావిడ వచ్చింది. "మాత్ర వేసుకున్నాక కడుపులో తిప్పింది" అంది. డాక్టరు "ఏది తిప్పింది?" అన్నాడు. ఆవిడ నా మొహం చూసింది. ఏది తిప్పుతుంది? తిప్పింది, అంతే. తిప్పినవాడు లేకుండానే తిప్పడం జరిగిపోతుంది మనకి. కడుపు విషయంలో దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. మనుషుల విషయంలో ఉంది.

నువ్వు పేరెత్తలేదంటున్నావు. ఆ రోజు కూడా ఎత్తలేదు. చిన్నోడు నీ పక్కన వెల్డింగ్ చేస్తూ ఉన్న రోజుల్లో, వేరే భాష అమ్మాయిని చేసుకుంటాను, పని కోసం ఆ ఊరు పోతాను అని నీతో చెప్పాడు. ఆ ఆదివారం షెడ్డు మీది గదిలో నువ్వు ఏమన్నావో నేను వెనక బెంచీ నుంచి విన్నాను. "కొందరుంటారు. పని నేర్చుకుంటారు, కంచంలో తింటారు, రెక్కలు రాగానే రక్తసంబంధాన్ని తూకానికి అమ్ముకుంటారు" అన్నావు. పేరు చెప్పలేదు, నిజమే. గదిలో ఉన్న మెడలన్నీ ఒక్కసారి వాడి వైపు తిరిగి చెప్పాయి. వాడు లేచి బయటికి పోయాడు. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఇప్పుడు నాకొచ్చిన అనుమానం చెప్పనా? ఫిబ్రవరి ప్రసంగానికి మరదలు వస్తోందని నీకు ముందే తెలుసు. వదినకి నేను చెప్పింది అంతకు ముందే. అంటే ఆ మాట గాల్లోకి విసిరింది కాదు. మా గదిలో మరదలు కూర్చునే మూడో వరసకి గురి చూసి, నా నోటితో కొట్టించావు. నేను దారి మళ్ళించానని నీకు కోపం.

కాదంటే కాదని రాయి. అవునంటే అవునని రాయి. లేఖనంలో నీకు అన్నిటికన్నా ఇష్టమైన సలహా అదే కదా, అవునంటే అవును, కాదంటే కాదు.

చిరునామా నా దగ్గర లేదు. మంచం కింద కూడా లేదు.

నీ చెల్లెలు


మార్చి 27

చెల్లాయికి,

బయటపడింది.

గైడు గారు వచ్చారు. రికార్డు మూడుసార్లు విన్నారు. మీ వదిన ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా కళ్ళు మూసుకుని విన్నారు. విని, "అమ్మాయి ఉచ్చారణ బాగుందండీ" అన్నారు.

"ఉచ్చారణ సంగతి వదిలెయ్యండి, ఏమందో చెప్పండి" అన్నాను.

"మీరు ఎక్కడికి వెళ్ళినా దేవుడు బయలుదేరడు, అన్నారండీ" అన్నారు.

దేవుడు బయలుదేరడా? దేవుడేమన్నా బస్సా? నేను వేదిక మీద చెమటలు కక్కుతూ ప్రకటించిన దేవుణ్ణి నువ్వు స్టాండులో నిలబెట్టావు. వాళ్ళు చప్పట్లు కొట్టారంటే కొట్టరా మరి, వెంటపడని దేవుడంటే ఎవరికి ఇష్టం ఉండదు?

"మీరు" అన్న మాట, "దేవుడు" అన్న మాట, "మిమ్మల్ని" అన్న మాట కూడా నీ సొంతమేనని ఆయన తేల్చారు. నేను అననివి నువ్వు చేర్చావు. లేఖనానికి మాట చేర్చినవాడి గతి ఏమిటో ఆఖరి పుటలో ఉంది. నీ దగ్గర పుస్తకం లేకపోతే పంపిస్తాను.

గురి చూశానో లేదో అవునని రాయి, కాదని రాయి అంటున్నావు. ఇది మీ క్లినిక్ కాదు, నేను నీ పేషెంటుని కాను. వచ్చే ఆదివారం నుంచి గైడు గారు నా పక్కనే నిలబడి ఇక్కణ్ణుంచే వాళ్ళ భాషలో చెబుతారు. నువ్వు కూర్చుని విను.

ఇదంతా ఎందుకు అంటావు, నాకు తెలుసు. చిన్నోడు వెళ్ళిపోతున్నాడని మీ వదిన రోజూ అంటోంది. నాకు మాత్రం తెలియదా? వాడి వెల్డింగ్ హెల్మెట్ షెడ్డులో ఇంకా అదే మేకుకి ఉంది. సరే, వాడికి ఇది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, చేర్చకు, తియ్యకు:

"ఆ రోజు కోపం వచ్చింది. మాట జారింది. అలా జరిగిపోయింది. ఇంక మర్చిపోతే బాగుంటుంది."

దీని కన్నా దిగి రావడం నా వల్ల కాదు.

అన్నయ్య


ఏప్రిల్ 8

అన్నయ్యా,

నీ గైడు గారి ఆదివారం గురించి ముందు రాస్తాను, తర్వాతది నవ్వే విషయం కాదు గనక.

ఆయన భాష మంచిదే. కోట చూపించడానికి నేర్చుకున్న భాష కావడంతో ఆయనకి ఆ మాటలే వస్తాయి. నువ్వు తీర్పు సింహాసనం గురించి చెబుతుంటే ఆయన "మీ కుడి చేతి వైపు సింహాసనాన్ని గమనించగలరు" అన్నాడు. మా వాళ్ళంతా కుడివైపు చూశారు. అక్కడ చుట్టేసిన కార్పెట్లున్నాయి. నరకం వచ్చేసరికి "మెట్లు జారుడుగా ఉంటాయి, పిల్లల చేతులు పట్టుకోండి" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ముక్క బాగానే అతికింది. ఆయన "బయలుదేరడు" అన్న మాటకీ నేనన్నదానికీ ఇక్కడ ఒకటే క్రియ. బస్సు బయలుదేరినా, మొగుడు పెళ్ళాన్ని వదిలిపోయినా ఇక్కడ అదే అంటారు. ఎవరు, ఎవర్ని అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఆయనకి బస్సే తెలుసు, పాపం.

ఇక నీ కబురు. శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. హాలంతా అట్టపెట్టెలు. కూర్చోవడానికి కుర్చీలు కూడా కట్టేశారు, నేలమీద కూర్చున్నాం. నువ్వు రాసింది రాసినట్టు చదివాను. మరదలు "ఏం రాశారు?" అని అడిగింది. చెప్పబోయాను, రాలేదు.

"కోపం వచ్చింది." ఇక్కడ కోపం ఎవరి ఇంటికీ దానంతటది రాదు అన్నయ్యా. మనిషి కోపగించుకుంటాడు. "ఎవరు కోపగించుకున్నారు?" అంది. "మాట జారింది." ఎవరు జారవిడిచారు? "జరిగిపోయింది." ఎవరు చేశారు? "మర్చిపోతే బాగుంటుంది." ఎవరు మర్చిపోవాలి, ఎవరికి బాగుంటుంది? ఆ అమ్మాయి వెటకారానికి అడగలేదు. అవి లేకుండా ఆమె భాషలో వాక్యం నిలబడదు. నేను ఆమె కళ్ళలోకి చూస్తూ ప్రతిచోటా నీ పేరు పెట్టబోయాను.

చిన్నోడు చెయ్యి అడ్డం పెట్టాడు. "చేర్చకక్కా" అన్నాడు. "అన్నయ్య రాసిందాంట్లో అన్నయ్య లేడు. చూడు. నాలుగు వాక్యాలు, ఎక్కడా లేడు. ఎవరో దారిన పోయే కోపం వచ్చి నన్ను తిట్టేసి వెళ్ళినట్టుంది." అని పెట్టెలకి టేపు వెయ్యడానికి లేచాడు.

ఇన్నాళ్ళూ నీ వాక్యాల్లో ఖాళీలు నేను నింపుతూ వచ్చాను. నీ మీద ప్రేమ కొద్దీ మంచి అర్థంతో నింపాను. అందుకే ఇద్దరి దగ్గరా దొంగనయ్యాను. ఇంక నింపను. నువ్వు రాసే దానిలో ఎవరు అన్నది ఉండాలి, ఎవర్ని అన్నది ఉండాలి. ఆ రెండూ లేని కాగితం పంపితే నేను మొయ్యను.

నెలాఖరుకి లారీ వస్తుంది.

నీ చెల్లెలు


ఏప్రిల్ 17

చెల్లాయికి,

ఈ ఉత్తరం చిన్నది. నాకు చేతనైంది ఇంతే.

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద మండిపడ్డాను. మరదలు అడిగిన ప్రశ్నలన్నీ నువ్వే కల్పించావనుకున్నాను. నీ మార్చి నెల ఉత్తరం మళ్ళీ తీశాను, తప్పు పట్టుకుందామని. తర్వాత మీ వదిన ఫోన్లో నా ప్రసంగాలు పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ విన్నవాణ్ణి కాదు, చెప్పేవాడు వినడు కదా. విన్నాను. "కొందరుంటారు", "ఒకడున్నాడు", "అలాంటివాళ్ళకి తెలియాలి". గొంతు నాదే. కొట్టేవాడు మాత్రం కనిపించడు, తగిలే చప్పుడు వినిపిస్తుంది.

వాడికి రాద్దామని కూర్చున్నాను. కొలిమి లాంటి మాటలు వచ్చేవాడికి ఒక్క వాక్యం రాలేదు. "నేను నిన్ను వదలను" అని రాశాను. కర్త ఉన్నాడు, కర్మ ఉంది, నువ్వు చెప్పినట్టే. మీ వదినకి చూపించాను.

"కర్ర పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నట్టుంది" అంది.

"మరెలా రాయమంటావే?"

"వాడి హెల్మెట్ మేకుకి ఎందుకుంచావు? అద్దం పగిలింది, పట్టీ తెగింది. పాత సామాన్లవాడికి వేసెయ్యమంటే వెయ్యవు. ఎందుకు?"

"వదులుకోలేక" అన్నాను.

"ఆ మాట రాయి" అంది.

చెల్లాయ్, వదలను అంటే పోయేది వాడికి. వదులుకోను అంటే పోయేది నాకు. రెంటికీ మధ్య ఉన్నది ఒక చిన్న ముక్క. ఇన్నేళ్ళు వాక్యం చెప్పినవాణ్ణి, దాన్ని చూడలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. ఫిబ్రవరిలో నేనన్నది బెదిరింపే. మూడో వరసకి గురి చూసిందే. వదలనిది నేను. ఆయన పేరు వాడుకున్నాను. ఆ వాక్యానికి కర్త ఆయన కాదు. నువ్వు తిప్పి చెప్పిందే ఆయన మాటకి దగ్గరగా ఉంది.

వాడికి ఇవ్వాల్సింది వేరే కాగితం మీద రాసి జత చేశాను, ఆ మాటలే కింద ఉన్నాయి. దాన్ని నువ్వు ఆమె భాషలో కూడా రాసి ఇవ్వు.

"ఆ రోజు ఆ మాటలు అన్నది నేను. నీ గురించే అన్నాను. నేను నిన్ను వదులుకోను."

అన్నయ్య


ఏప్రిల్ 29

అన్నయ్యా,

ఉత్తరం సరిగ్గా వాళ్ళు పెట్టెలు కిందికి దించుతున్న రోజు అందింది. క్లినిక్‌లో సెలవు కూడా చెప్పకుండా పరిగెత్తాను.

నీ కాగితమూ, నేను తిప్పి రాసిన కాగితమూ ఇచ్చాను. "వదులుకోను" అన్నదానికి ఇక్కడ ఒక్క మాట లేదు. "నిన్ను పోగొట్టుకుని ఉండటానికి నేను ఒప్పుకోను" అని రాశాను. వాడు నన్ను నమ్మలేదు. "నువ్వు బయట నిలబడు అక్కా" అన్నాడు. తలుపు వేసుకున్నారు. లోపల మరదలు నేను రాసింది వాళ్ళ భాషలో పైకి చదవడం వినిపించింది. ఒక్కో ముక్కా చదివి ఆగుతోంది. వాడు నీ కాగితంలో చూసుకుంటున్నాడు కాబోలు, ఆమె ఆగినచోట "ఊఁ" అంటున్నాడు. మనిద్దరి మాటలూ ఎక్కడ తేడా వస్తాయా అని సరిచూస్తున్నారు. మెట్ల మీద నిలబడి నేను పరీక్ష ఫలితం కోసం ఆగినట్టు ఆగాను.

తలుపు తీశాడు. మొహంలో ఏమీ లేదు. "ఇందులో నేను, నేను అని రెండుసార్లుంది" అన్నాడు. "అన్నయ్య 'నేను' అనడు. నువ్వు చేర్చావా?"

"అది అన్నయ్య చేతిరాతేరా" అన్నాను.

"చేతిరాత నువ్వు కూడా రాయగలవు. చిన్నప్పుడు నా బడి చీటీల మీద అన్నయ్య సంతకం పెట్టింది ఎవరు?"

నేను చేసిన ఉపకారాలన్నీ ఆ రోజు నా మీద సాక్ష్యానికి వచ్చాయి. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పారెయ్యలేదు, అంతవరకు చెప్పగలను. నమ్మాడని చెప్పలేను. మరదలు నన్ను గట్టిగా పట్టుకుంది. లారీ వెళ్ళిపోయింది. చిరునామా ఇవ్వలేదు.

నువ్వు అడక్క ముందే చెబుతున్నాను, దాచడం లేదు.

నీ చెల్లెలు


మే 14

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. మొన్న ఆదివారం ప్రసంగం చెప్పలేదు, నీకు తెలిసిందే. గొంతు బాగా లేదన్నాను. గొంతు బాగానే ఉంది.

ఇవాళ షెడ్డులో గేటు పని. గ్రైండరు నడుస్తోంది, చెవుల్లో అదే హోరు. మీ వదిన పై మెట్టు మీద నిలబడి చేతులూపుతోంది, ఫోన్ అని. ఎవరో పనివాళ్ళ కోసం అడుగుతున్నారనుకున్నాను. నల్లటి చేతుల్తోనే తీసుకున్నాను. అవతల ఏమీ లేదు. ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. కొత్త నంబరు.

నా సంగతి నీకు తెలుసు, తెలియని నంబరంటే నిలదీస్తాను. ఎక్కణ్ణుంచి, ఎవరిచ్చారు నంబరు, ఏం కావాలి, అన్నీ అడుగుతాను.

"ఎవరూ?" అన్నాను.

"నేనే" అన్నాడు.

ఇంత లోకంలో ఆ మాట ఎవరైనా అనొచ్చు. పేరు లేదు, ఊరు లేదు, వెనక క్రియ కూడా లేదు. నేనే అంటే ఎవరని అడగాలనిపించలేదు చెల్లాయ్. గ్రైండరు ఆపి నేలమీద కూర్చున్నాను.

"చెప్పరా" అన్నాను.

చెప్పాడు. విన్నాను.

అన్నయ్య